మాట్లాడకూడని బల్ల

మీరే. వాడి రెండేళ్ళు మింగింది మీరే. తలరాత మీదికి నెట్టేసి చేతులు దులుపుకోకండి.

నీళ్ళ సీసా కడిగి చేతికిచ్చి, నవ్వుతూ సాగనంపిన పెద్ద టీచరమ్మా, మీరు. కుళాయి దగ్గర బకెట్టు నిండేలోపు ఒక తల్లిని ఉతికి ఆరేసిన అమ్మలక్కలూ, మీరు. మనవడు పలక్కపోతే మురిసిపోయి, ఇక పలకడని తేలాక కోడలి వైపు వేలు చూపించిన పెద్దావిడా, మీరు. పిల్లలకు మాటలు నేర్పే మనిషిని ఒకే ఒక్కరిని పెట్టి, ఊరంతటినీ ఆ ఒక్క గది ముందు పడిగాపులు కాయించే ఆసుపత్రి అయ్యలూ, మీరు. కూర్చోండి. ఈ కథ మీ గురించే. మధ్యలో లేచి వెళ్ళిపోవద్దు.

ఆ సోమవారం పొద్దున బడి గేటు దగ్గర జరిగింది ఇంతే. పెద్ద టీచరమ్మ పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. వాడి సంచి, బూట్లు, నీళ్ళ సీసా ఒక్కొక్కటే వాడి తల్లికి అందించింది. సీసా శుభ్రంగా కడిగి, లోపల చుక్క లేకుండా ఆరబెట్టి ఉంది. అది చేతిలోకి రాగానే తల్లికి అర్థమైపోయింది. రేపు మళ్ళీ రమ్మనేవాళ్ళు సీసా అంత బాగా కడిగివ్వరు.

టీచరమ్మ మంచిగానే మాట్లాడింది. అందరూ పాట పాడుతుంటే వీడు తలుపు దగ్గర చేరి గడియ తీస్తూ వేస్తూ కూర్చుంటున్నాడని, పిలిస్తే తల తిప్పడని, మిగతా పిల్లల తల్లులు తనను నిలదీస్తున్నారని చెప్పుకొచ్చింది. కొంచెం మాటలొచ్చాక తీసుకురండమ్మా, సీటు ఎక్కడికీ పోదు అంది.

“మాటలు వస్తాయనే కదండీ బడికి పంపింది,” అంది తల్లి.

టీచరమ్మ నవ్వింది. గేటు మూసుకుంది. నాలుగేళ్ళ పిల్లవాడు ఆ గేటు గడియ వంక చూసి, చెయ్యి చాపి, ఒకసారి తీసి మళ్ళీ వేశాడు. సరిగ్గా పడిందని నమ్మకం కుదిరాక గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ తల్లిని ఊళ్ళో అందరూ మైకమ్మ అంటారు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో బస్టాండు మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ వేళకు పిల్లవాణ్ణి ఇంటి దగ్గర దింపితే అత్తగారు మొహం పక్కకు తిప్పుకుంటుంది. అందుకని సంచీ, సీసా, పిల్లవాడు అన్నీ పట్టుకుని నేరుగా బస్టాండుకే వెళ్ళింది.

ఆమె గది మూడు వైపులా అద్దాలే. ఒక బల్ల, ఒక కుర్చీ, తిరిగినప్పుడల్లా కీచుమనే ఫ్యాను, తొడుగు పొడిపొడిగా రాలిపోతున్న మైకు. మీట నొక్కితే ముందు టింగుమని గంట మోగుతుంది. వెనకాలే ఆమె గొంతు రోడ్ల మీదికి పోతుంది. పిల్లవాడు బల్ల కింద దూరి, జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, ఒక్కొక్కటే నేల మీద పేర్చడం మొదలుపెట్టాడు. పెద్దవీ చిన్నవీ అని కాదు. పళ్ళను బట్టి. లోతు పళ్ళవి ఒక వైపు, పైపై పళ్ళవి ఇంకో వైపు.

బస్సులు పంపే గుమాస్తా కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. “ఏంటి మైకమ్మా, ఇవాళ అసిస్టెంటుతో వచ్చావే. వాడికీ నేర్పేసెయ్, నీకు సెలవన్నా దొరుకుతుంది,” అన్నాడు. అనేశాక వాడికి మాటల్లేవని గుర్తొచ్చింది. తల వెనక్కి తీసుకున్నాడు.

ఆమె మీట నొక్కింది. గంట మోగింది. ప్రయాణికులకు మనవి అని మొదలుపెట్టగానే పిల్లవాడు బల్ల కిందినుంచి లేచి, ఆమె ఒళ్ళోకి ఎక్కి, ఆమె గొంతు మీద అరచెయ్యి పెట్టాడు. మొహం చూడలేదు. పెదాలూ చూడలేదు. లోపల అదురుతున్నదేదో, తాళం లోపల పిన్నులు తాకినట్టు, వేళ్ళతో పట్టుకుంటున్నాడు. ఆమె గొంతు బస్సు నంబరు దగ్గర ఆగిపోయింది. ఊరంతా ఆ ఖాళీ విని ఉంటుంది. ఎవరికీ పట్టి ఉండదు. ఆమె నంబరు పూర్తి చేసి మీట వదిలేసింది. మాట ఆగగానే వాడు చెయ్యి తీసేసి మళ్ళీ కిందికి దిగిపోయాడు.

ఆ రోజు ఆమె చెప్పాల్సిన బస్సుల కన్నా ఎక్కువే చెప్పింది. వచ్చి వెళ్ళిపోయినవి కూడా.

సాయంత్రం కుళాయి దగ్గర మూలింటావిడ, వినబడాల్సిన వాళ్ళకు వినబడేంత మెల్లగా అంది, “లోకానికంతా బస్సులు చెబుతుంది. కన్నకొడుక్కి అమ్మా అనడం మాత్రం చెప్పలేకపోయింది.”

ఈ మాట పాతదే. వారానికోసారైనా పడుతూనే ఉంటుంది. అయినా చేతిలో కడిగిన సీసా ఉన్న రోజున అది ఇంకో చోట తగిలింది.

ఇంటి ముందుగదే దుకాణం. తాళాలు బాగుచెయ్యడం, తాళంచెవులకు నకళ్ళు తియ్యడం. గోడ నిండా పళ్ళు కొయ్యని తాళంచెవులు మేకులకు వేలాడుతుంటాయి. మధ్యలో బల్ల, బల్లకు బిగించిన ఇనప పట్టు, పక్కన ఆకురాళ్ళు వరసగా. బల్ల దగ్గర ఆమె భర్త. ఊళ్ళో ఆయన్ను మేస్త్రి అంటారు. కనురెప్పల మీద కూడా ఇత్తడి పొడి.

ఏ ఇంటికీ లేని రివాజు ఒకటి ఆ ఇంటికుంది. ఆ బల్ల దగ్గర మాట్లాడకూడదు. చనిపోయిన మామగారు, పెద్ద మేస్త్రి, ఇనప్పెట్టెల తాళాలకు చెవి ఆనించి లోపలి సవ్వడి వినేవాడట. ఒక్క మాట పడితే పట్టు దొరికినట్టే దొరికి జారిపోయేదట. అందుకని బేరానికి వచ్చినవాళ్ళు కూడా తాళం బల్ల మీద పెట్టి, ఎన్ని కావాలో వేళ్ళు చూపించి, పక్కకు జరిగి నిలబడతారు. ఇప్పుడు ఇనప్పెట్టెలు లేవు, చెవి పెట్టి వినేదీ లేదు. పళ్ళు కోసే మెషీను ఆన్ చేస్తే వీధి వీధంతా చెవులు మూసుకుంటుంది. అయినా మాట మాత్రం మాట్లాడకూడదు. మెషీను గోల చెయ్యొచ్చు, మనిషి చెయ్యకూడదు. ఇదీ వాళ్ళ తెలివి.

ఆ తెలివే పిల్లవాడి కొంప ముంచింది. ఏడాది దాటి, నడక వచ్చినప్పటి నుంచీ వాడు ఆ బల్ల కిందే. పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తేవాడు కాదు. నాన్నమ్మకు అదో సంబరం. ఇరుగుపొరుగును పిలుచుకొచ్చి మరీ చూపించేది. పిలవండి, పిలవండి, ఎంత పిలిచినా పని మీంచి చూపు తిప్పడు చూడండి అనేది. వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు, గిన్నెలు మోగించేవాళ్ళు. వాడు తిరిగేవాడు కాదు. పుట్టుకతోనే పనివాడు, మా పెద్దాయనే అని ఆవిడ మెటికలు విరిచేది. మా రక్తం అనేది. వాడికి చిన్న మేస్త్రి అని పేరు పెట్టింది. అందరూ నవ్వేవాళ్ళు. తల్లీ నవ్వింది. మొగుడి మేనత్తలు వచ్చినప్పుడు తనే ముందు నిలబడి పిలిచి చూపించింది కూడా.

ఎవరైనా, పిలిస్తే బిడ్డ పలక్కపోతే డాక్టరుకు చెవులు చూపిస్తారు. వీళ్ళు చప్పట్లు కొట్టారు.

రక్తం మాట ఎప్పుడు మారిందో ఆమెకు బాగా తెలుసు. వాడికి మూడేళ్ళొచ్చాక, వాడి ఈడుదే, మేనత్త మనవరాలు వచ్చి గలగలా మాట్లాడిన రోజున మారింది. ఆ తర్వాత చిన్న మేస్త్రి అనే పేరు ఇంట్లో వినపడలేదు. ‘వాడు’ అయ్యాడు. తర్వాత ‘నీ కొడుకు’ అయ్యాడు. మా రక్తం కాస్తా నీ రక్తం అయిపోయింది.

ఆ సాయంత్రం అత్తగారు వంటగది గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన ఆడపడుచు. ఐదో నెల. నాలుగు రోజులు పుట్టింట్లో ఉండిపోదామని వచ్చింది. ఆదివారం ఆమె అత్తగారు వచ్చి తీసుకెళుతుంది. ఆ వియ్యపురాలు ఊరికే రావడం లేదు. మీ ఇంట్లో పిల్లవాడికి మాటల్లేవట, అది మీ వంశంలోదా, రేపు మా ఇంట్లో పుట్టేవాడికీ వస్తుందా, తేల్చి చెప్పండి అని ఫోనులో అడిగేసింది.

బడి సంగతి విని అత్తగారు, కూతురు లోపలికి వెళ్ళేదాకా ఆగి, కోడలి చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం ఎన్నాళ్ళకో.

“ఆదివారం ఆవిడ ముందు మీ వైపు నుంచే వచ్చిందని చెప్పవే. మీ మేనమామకు మాటల్లేవని చెప్పు. నీకు పోయేదేముంది? నిన్నెవరూ ఇంట్లోంచి పంపించెయ్యరు. దాని కాపురం ఇంకా పచ్చిది.”

“మా మేనమామకా?”

“ఆవిడకేం తెలుస్తుంది?”

ఆమె మేనమామ నోటికి తాళం వెయ్యాలంటే ఆ దుకాణంలో ఉన్నవన్నీ చాలవు. తన పెళ్ళిలో ఆయన మాటలకు తట్టుకోలేక పెళ్ళికొడుకు కూడా కాసేపు దొడ్డిదారిన పారిపోయాడు. అది తలుచుకుని ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కళ్ళు మండాయి.

“పోయిన నెల పెద్దాసుపత్రిలో మా ముగ్గురికీ చేసిన రక్త పరీక్ష సంగతి బుధవారం చెబుతారు కదా అత్తయ్యా. ఏం తేలుతుందో చూద్దాం,” అంది.

ఆమెకు లోపల ఒక ఆశ ఉంది. చెప్పుకోదగ్గది కాదు. బుధవారం డాక్టరు ఇది మీ వైపుది కాదమ్మా అనాలి. ఆ ఒక్క మాట తెచ్చి కుళాయి దగ్గర, గుమ్మం దగ్గర, ఆ వేలు ముందర పడెయ్యాలి. బిడ్డకు మాట వస్తుందా రాదా అన్న దిగులు కన్నా ఈ ఆశే ముందు నిద్రలేస్తోంది రోజూ. ఏడాదిగా నిలబెట్టి నిందిస్తే మనిషి అలాగే అవుతుంది. అది కూడా మీ పుణ్యమే.

అప్పుడు రక్తం ఇచ్చి వెంటనే వెళ్ళిపోయిన మేస్త్రి, బుధవారం మొదటిసారి రోజంతా దుకాణం మూసి ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరు నడివయసు మనిషి, జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. మాటకు ముందు ముక్కు తుడుచుకుంటూ, అయినా తొందరపడకుండా చెప్పింది. పిల్లవాడిది ఆటిజం. దానికి తోడు మాట ఆలస్యం. చెవులు బాగానే ఉన్నాయి. రక్తంలో చూస్తే, తల్లీ తండ్రీ చెరిసగం ఇచ్చే జన్యువుల్లో ఒక చోట చిన్న ముక్క లేదు. అదే ముక్క తండ్రిలోనూ లేదు.

మేస్త్రి చూపు బల్ల అంచు మీంచి కదల్లేదు.

అలాగని ఆ ఒక్కటే వీణ్ణి ఇలా చేసిందని ఎవరూ చెప్పలేరు అంది డాక్టరు. ఇలాంటి వాటిలో ఎన్నో జన్యువులు చెయ్యి వేస్తాయి. కొన్ని తల్లివైపువి, కొన్ని తండ్రివైపువి, కొన్ని ఇద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా మొదలైనవి. ఈ పరీక్షకు అన్నీ కనబడవు. చాలామంది పిల్లల్లో వెతికినా ఏమీ దొరకదు. మీలాగే ఈ ముక్క లేనివాళ్ళు కొందరు పెళ్ళి చేసుకుని, పని చేసుకుని బతికేస్తున్నారు. కొందరు ఆలస్యంగా మాట్లాడతారు. కొందరికి చాలా సాయం కావాలి. ఎవరికి ఎంతో ముందే చెప్పలేం. ఇంట్లో ఇంకెవరికైనా పిల్లలు పుట్టబోతుంటే వచ్చి మాట్లాడమనండి, భయపెట్టడానికి కాదు, పుట్టాక కనిపెట్టి ఉండడానికి.

తల్లి ఒకటే అడిగింది. నేను పనికి వెళ్ళడం వల్ల, వీడితో తక్కువ మాట్లాడ్డం వల్ల వచ్చిందా?

“కాదు. తల్లి పనికెళితే ఆటిజం రాదు.”

“ఇంకోసారి చెప్పండి.”

డాక్టరు ముక్కు తుడుచుకుని, ఇంకోసారి చెప్పింది. మూడోసారి కూడా అడిగేదే గానీ, డాక్టరు ఈలోగా తన ప్రశ్న వేసింది. పేరు పిలిస్తే చూడడం లేదని ఎప్పుడు గమనించారు?

ఏడాది దాటాక అని చెప్పింది.

మరి అప్పుడే తీసుకురాలేదేం అంది డాక్టరు. కోపంగా కాదు. అప్పుడు మొదలుపెడితే బాగుండేదమ్మా, ఇప్పుడూ మొదలుపెట్టొచ్చు గానీ, మూడేళ్ళు నిండేలోపు ఆ రెండేళ్ళు బాగా పనికొచ్చేవి అంది.

ఏం చెబుతుంది? ఇంటికొచ్చినవాళ్ళకు పిలిచి చూపించి నవ్వుకున్నామని చెబుతుందా? నేల వైపు చూసింది. పిల్లవాడు డాక్టరు బీరువా తాళం ముందు గొంతుక్కూర్చుని, చెవి దగ్గరగా పెట్టి, వేలితో గీరుతున్నాడు.

ఆమె ఎదురుచూసిన మాట దొరికింది. మీ వైపుది కాదు. అది చేతిలోకి వచ్చాక దాంతో ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

మాటలు నేర్పే గది ముందు బెంచీలు చాలక మనుషులు నేల మీద కూర్చున్నారు. లోపల ఒకే ఒక్క అమ్మాయి. వీడి వంతు రావడానికి ఇంకా నెలలు పడుతుందని చెప్పి, ఊరికే పంపడం ఇష్టం లేక గుమ్మం దగ్గరే నిలబడి, ఇంట్లో ఏం చెయ్యాలో చూపించింది. వాడికి ఏది ఇష్టమో అది మీ చేతిలో పట్టుకోండి. దాని పేరు చెప్పండి. చెప్పి ఆగండి, ఇచ్చెయ్యండి. మళ్ళీ చెప్పండి. వాడు చూడకపోయినా చెప్పండి. రోజుకు ఒకసారి కాదు, రోజంతా. వీడికేం ఇష్టం అని అడిగింది.

తాళంచెవులు, వాళ్ళ నాన్న చేసేది ఆ పనే అంది తల్లి.

“అబ్బ, మంచిది. వాళ్ళ నాన్న దగ్గర బోలెడుంటాయిగా,” అని లోపలికి వెళ్ళిపోయింది ఆ అమ్మాయి.

మేస్త్రి తన అరచేతుల వంక చూసుకున్నాడు.

తిరుగు బస్సులో పిల్లవాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ తండ్రి ఒళ్ళో కూర్చుని ఆయన చొక్కా గుండీలు తిప్పుతూ ఉండేవాడు. ఆ రోజు ఆయన ఒళ్ళో సంచి పెట్టుకున్నాడు. కుదుపుకు పిల్లవాడి తల కిటికీ ఊచకు కొట్టుకుంది. తండ్రి చెయ్యి లేచింది. సగం దాకా వచ్చి, గాల్లో ఆగి, వెనక్కి వెళ్ళి సంచి మీద పడింది. వాడు ఏడవలేదు. ఊచకు దూరంగా జరిగాడంతే.

ఊరు దగ్గరపడ్డాక మేస్త్రి నోరు విప్పాడు. “నకలును పెట్టి నకలు తీశాను.”

ఆమెకు అర్థమైంది. అరిగిపోయిన తాళంచెవిని చూసి ఇంకోటి కోస్తే, దాని తప్పుకు మెషీను తప్పు కూడా కలుస్తుంది. అలాంటిది తాళంలోకి వెళుతుంది గానీ తిరగదు. ఎవరైనా నకలు తెస్తే ఆయన తల అడ్డంగా ఊపి, అసలుది తెమ్మని సైగ చేస్తాడు. పదిహేనేళ్ళుగా నకలు నుంచి నకలు తియ్యలేదన్నది ఆయన గొప్ప.

మనిషి తాళంచెవి కాదండీ అని ఆమె అంది. డాక్టరు చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. ఆయన విన్నాడో లేదో.

అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చి ఏం తేలిందని అడిగింది. మేస్త్రి పలక్కుండా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె చెప్పులు విడుస్తూ, ఇంకా తేలలేదత్తయ్యా అంది.

తర్వాతి రెండు రోజులూ ఆమె చూస్తూ ఉంది. పిల్లవాడు అలవాటు కొద్దీ బల్ల కిందికి వస్తే, మేస్త్రి వాడి భుజం ముట్టుకోకుండా, చీపురుతో పొడి ఊడ్చినట్టు చేత్తో గాలిని తోసి లోపలికి పొమ్మంటున్నాడు. వాడు లోపలి గుమ్మం దగ్గరే నిలబడి మెషీను సవ్వడి వింటున్నాడు. శుక్రవారం ఒక ముసలాయన తాళంచెవి వెనక్కి తెచ్చి, తిరగడం లేదని సైగ చేసి బల్ల మీద పెట్టాడు. మేస్త్రి దాన్ని వెలుగులో పట్టి చూశాడు. ఒక పన్ను ఎక్కువ లోతుగా కోశాడు. కొత్తది కోసిచ్చి, పాడైనదాన్ని చెత్తలో వెయ్యకుండా జేబులో వేసుకున్నాడు. తీస్తాడు, చూస్తాడు, మళ్ళీ వేసుకుంటాడు.

నింద ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఏడాదిగా మోసింది. అది తన వీపు మీంచి దిగి ఆయన వీపెక్కితే తేలిగ్గా ఉంటుందనుకుంది. తీరా చూస్తే ఇంట్లో ఒక మనిషి తగ్గినట్టుంది. పిల్లవాడు రోజూ కూర్చునే ఒడి కాస్తా పోయింది.

శనివారం పొద్దున కూరగాయలు తరుగుతున్న అత్తగారి దగ్గర కూర్చుని, “రేపు మీరు చెప్పినట్టే చెబుతానత్తయ్యా,” అంది. నాకు అలవాటైపోయిందిలే, ఆయన మొయ్యలేడు అని మనసులో అనుకుంది. అత్తగారు కత్తి కింద పెట్టి, కోడలి తల నిమిరింది. ఆవిడ కూడా రాక్షసి కాదు. కూతురి కాపురం నిలబడాలంటే ఎవరో ఒకరి కాపురం కింద రాయిలా ఉండాలని నమ్మిన మనిషి. అలాంటి నమ్మకాలు నేర్పిందెవరో వేరే చెప్పాలా?

ఆదివారం వియ్యపురాలు వచ్చింది. పొడుగ్గా, నిటారుగా, నవ్వు తక్కువ మనిషి. కుర్చీలో కూర్చుని టీ గ్లాసు పక్కన పెట్టించుకుని, కుశలం అడగడం అయిపోగానే పిల్లవాణ్ణి చూపించమంది. వాడు లోపలి గుమ్మం దగ్గర తాళంచెవులు పేర్చుకుంటున్నాడు. ఆవిడ పిలిచింది. చిటికె వేసింది. వాడు తిరగలేదు. ఆవిడ మొహం గట్టిపడింది.

“ఇది మా వైపుది కాదు వదినగారూ,” అంది అత్తగారు. “మా కోడలు చెబుతుంది.”

అందరూ ఆమె వంక చూశారు. దుకాణంలో ఆకురాయి సవ్వడి ఆగిపోయింది.

ఆమె మైకు ముందు కూర్చున్నట్టే వీపు నిటారుగా పెట్టుకుంది. అదే గొంతుతో, ఎక్కడా తడబడకుండా, మా మేనమామకు చిన్నప్పుడు మాటల్లేవండీ, అది మావైపు నుంచి వచ్చింది అంది. బస్సు నంబరు చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది.

వియ్యపురాలు ఊపిరి పీల్చుకుని టీ గ్లాసు అందుకుంది. అత్తగారు కళ్ళు తుడుచుకుంది. ఇక ఆడపడుచు. వచ్చినప్పటి నుంచీ బిగబట్టుకున్న పిల్ల. ఒక్కసారి భారం దిగేసరికి కడుపు మీద చెయ్యి వేసుకుని గలగలా నవ్వింది.

“హమ్మయ్య. అయితే మావాడు పిలిచినప్పుడు పలక్కపోయినా నాకేం భయం లేదు వదినా. అన్నయ్యలా, తాతయ్యలా పనివాడవుతాడు. అమ్మ చెబుతుందిగా, మా ఇంట్లో మగాళ్ళు ఆలస్యంగానే మాట్లాడతారని. నేనైతే మూడేళ్ళ దాకా అస్సలు తొందరపెట్టను.”

“అంతేనే తల్లీ,” అంది అత్తగారు, మురిపెంగా.

ఆమె చెవుల్లో చప్పట్లు మోగాయి. పిలవండి, పిలవండి, చూడడు. గిన్నెలు మోగాయి. తన నవ్వే తనకు వినబడింది. ఇంకా పుట్టని ఒక బిడ్డ ఆ బల్ల కింద కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం. వాడి రెండేళ్ళు కూడా ఇప్పుడే, ఈ గదిలోనే, తన నోటితోనే పోతున్నాయి.

“కాదు,” అంది.

వియ్యపురాలి చేతిలో గ్లాసు ఆగింది.

“అబద్ధం చెప్పానండీ. మా మేనమామ మాటలకు జనం పారిపోతారు. పరీక్షలో దొరికింది ఈ ఇంటి వైపుది. మా ఆయనకూ ఉంది. మీ కోడలికి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉన్నా ఆ బిడ్డకు ఏమీ కాకపోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళి అడగండి. కానీ అమ్మాయ్, నువ్వు ఒకటి విను. పిలిస్తే బిడ్డ చూడకపోతే మురిసిపోకు. మూడేళ్ళని కూర్చోకు. పరిగెత్తు. మేం చప్పట్లు కొట్టాం. నా కొడుకు రెండేళ్ళు చప్పట్లలో పోయాయి.”

వియ్యపురాలు గ్లాసు కింద పెట్టింది. సంచి సర్దుకోమని కోడలికి చెప్పింది. కసిరింది లేదు, ఓదార్చిందీ లేదు. ఏం చేస్తుందో ఆ మొహంలో ఎవరికీ తెలియలేదు. అత్తగారు గోడకు చేరగిలి, నా కూతురి గొంతు కోశావు కదే అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

ఆడపడుచు సంచితో గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. వదినకు దగ్గరగా నిలబడి, తల్లికి వినబడకుండా అడిగింది, “ఎన్ని నెలలకు చూడాలి వదినా?”

“ఏడాదికి పేరు పిలిస్తే తిరగాలి. వేలు పెట్టి చూపించాలి. లేకపోతే ఆగకు. నేనొస్తా నీతో.”

ఆ పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది.

అత్తగారు గోడ దగ్గర్నుంచి లేవలేదు. పొద్దు వాలే వేళకు, ఎవరూ అడక్కుండానే మాట్లాడింది. పెద్ద మేస్త్రికి ఏడేళ్ళకు గానీ మాటలు రాలేదట. వాళ్ళమ్మ చెప్పుకుని మురిసేదట. మేస్త్రి ఐదేళ్ళ దాకా సైగలేనట. మా అత్త మురిసింది, నేనూ మురిశాను, ఎవరైనా ఒకరు చెప్పొచ్చు కదే, ఎవరైనా ఒకరు అంది. చెప్పేవాళ్ళెవరూ ఆ గదిలో లేరు. కోడలు వెళ్ళి పక్కన కూర్చుంది.

మళ్ళీ సోమవారం. టీచరమ్మా, వాడు మాటలొచ్చాక రాడు. మాటలు రావడానికి వస్తాడు. గేటు తియ్యండి. ఆసుపత్రి అయ్యలూ, ఆ గదిలో ఇంకో మనిషిని పెట్టండి. వచ్చే ఏడాది కాదు, అప్పటికి వాడికి ఐదేళ్ళు వచ్చేస్తాయి. కుళాయి దగ్గరి అమ్మలక్కలూ, మీ ఇళ్ళలో పిలిస్తే పలకని పిల్లలుంటే బకెట్టు అక్కడే వదిలేసి బయల్దేరండి. ఎవరి రక్తమో తర్వాత తేల్చుకోవచ్చు. అసలు తేల్చుకోకపోయినా పోయేదేం లేదు.

ఆమె ఆ రోజు బస్టాండుకు ఆలస్యంగా వస్తానని చెప్పింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని దుకాణంలోకి నడిచింది. ఒకాయన తాళం పట్టుకుని, రెండు వేళ్ళు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. మేస్త్రి మెషీను ఆపి తల ఎత్తాడు. పొడి పడకుండా ఆయన ఒళ్ళో పరుచుకున్న సంచీ గుడ్డ ఆమె తీసేసి, పిల్లవాణ్ణి కూర్చోబెట్టింది. ఆయన చేతులు రెండు పక్కలా గాల్లో ఉండిపోయాయి.

“చేతులు వెయ్యండి,” అంది.

బల్ల దగ్గర ఎవరూ అంత గట్టిగా మాట్లాడలేదు ఎప్పుడూ. తాళం తెచ్చినాయన వేళ్ళు దించేశాడు. వంటగది గుమ్మంలోంచి అత్తగారు చూస్తోంది. అడ్డం చెప్పలేదు.

మేస్త్రి చేతులు వచ్చి పిల్లవాడి పొట్ట చుట్టూ ఆగాయి. వాడు వెంటనే చొక్కా గుండీ పట్టుకున్నాడు, మధ్యలో ఏమీ జరగనట్టే.

ఆమె మేకుకు ఉన్న తాళంచెవి ఒకటి తీసి భర్త చేతిలో పెట్టింది. ఆయన చూశాడు. పెదాలు కదిలాయి. ఏదీ రాలేదు. గొంతు సవరించుకున్నాడు. ఆ బల్ల దగ్గర పుట్టి పెరిగిన మనిషి, తండ్రి చచ్చిపోయినప్పుడు కూడా అక్కడ నోరెత్తని మనిషి.

“తాళంచెవి,” అన్నాడు.

తుప్పు పట్టిన గొంతు. తనకే కొత్తగా వినబడి, ఆగి, కొడుకు మొహంలోకి చూశాడు. తాళంచెవి వాడి చేతికిచ్చాడు. వాడు దాన్ని తీసుకుని పళ్ళు తడిమాడు. తల ఎత్తలేదు. తిరగలేదు. ఇంకో చేత్తో గుండీ తిప్పుతూనే ఉన్నాడు.

మేస్త్రి కళ్ళు నిండాయి. చూడలేదని సైగ చేశాడు.

ఆమె ఇంకో తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

“మళ్ళీ చెప్పండి,” అంది.